గురుగ్రహం దారిలో రాళ్లను వెతికిన మా సవిత

నిన్న పొద్దున నాందేడ్ బస్టాండ్‌లో ఉండగా సవిత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయింది" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు.

పోయిన వారం జ్వరమని మెసేజ్ పెట్టింది. రెస్ట్ తీసుకోమన్నాను. అది డెంగీ అని, ఐసీయూలో ఉందని నాకు తెలియదు.

సవిత నా హాస్టల్ రూమ్మేట్. వాళ్లది ధర్మాబాద్ దగ్గరి పల్లె. అమ్మానాన్నలది కూలి పని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఇద్దరం కలిసే చదివాం. క్లాసులో మరాఠీ, రూమ్‌లో మా తెలుగు.

దానికి ఆస్టరాయిడ్లంటే పిచ్చి. అందులోనూ ట్రోజన్లు. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోనే వేల రాళ్లు కూడా తిరుగుతాయి. ఒక గుంపు గ్రహానికి ముందు, ఇంకో గుంపు వెనుక. అవే ట్రోజన్లు.

"గంత పెద్ద గ్రహం బాటలనే నడుస్తయి, అయినా దానికి తాకయి. ఎట్లనే గిది?" అనేది. ఎన్నిసార్లు చెప్పినా అదే ఆశ్చర్యం.

సెకండ్ ఇయర్‌లో ఆన్‌లైన్ ఆస్టరాయిడ్ సెర్చ్‌లో చేరింది. టెలిస్కోప్ తీసిన ఫోటోలను లాప్‌టాప్‌లో ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడాలి. చుక్కల్లో ఏది కదిలితే అది ఆస్టరాయిడ్.

ఒక ఆదివారం మధ్యాహ్నం, కంచంలో మెస్ అన్నం చల్లారిపోతోంది. నా చెయ్యి పట్టి లాగింది.

"కదిలింది. సూడు."

నాకేమీ కనబడలేదు. మళ్లీ చూపించింది. అప్పుడు కనబడింది. రవ్వంత చుక్క, రవ్వంత జరిగింది.

రిపోర్ట్ పంపింది. కొన్ని వారాలకు జవాబొచ్చింది. అది ట్రోజనే. కానీ ముందే ఎవరో కనిపెట్టేశారు.

నేను డల్ అయిపోయాను. అది మాత్రం ఫ్లోర్ మొత్తానికి దూద్‌పేడాలు పంచింది. "ఉన్నది ఉన్నట్టు దొరికింది గదనే, ఇంకేం గావాలె?"

ఈ నెలలోనే పుణెలో పీహెచ్‌డీలో చేరాల్సింది. బ్యాగ్ సర్దుకుంది కూడా.

నిన్న ఊళ్లో అంతా అయిపోయాక వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాను. "కాకా, సవిత ఏం చదివిందో నీకు చెప్పిందా?" అన్నాను.

"ఆ రాళ్ల ముచ్చటే గద బిడ్డా. ఇంటికచ్చినప్పుడల్లా చెప్పేది. నాకు సమజ్ కాకపోయేది. అయినా ఇనేటోణ్ణి. అది చెప్తుంటే మంచిగనిపించేది."

తనే అడిగాడు. "గవ్వి ఇంకా తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయి కాకా."

తలూపాడు. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

పోయిరా సవీ. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.