గుక్కెడు నీళ్లు తాగినంత సేపు

వేలూరు బాగాయంలో మా ఇంటి ఎదుట కొత్తగా మిద్దె పోస్తున్నారు. నిన్న మధ్యాహ్నం వాన మొదలవగానే పనివాళ్లు పచ్చి కాంక్రీటు మీద టార్పాలిన్ పట్ట కప్పి, అంచుల వెంట ఇటుకలు పెట్టి దిగిపోయారు. ఆ పట్ట మీద వాన పడే చప్పుడూ, గాలికి దాని అంచు లేచి టపటపా కొట్టుకునే చప్పుడూ గంటసేపు మా వంటింట్లోకి వస్తూనే ఉన్నాయి. కిటికీ మూశాను. అయినా వినిపించింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. టార్పాలిన్ చప్పుడుకి పాలు పొంగబెట్టుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? నామీద నాకే విసుగు వచ్చింది. పచ్చి సిమెంటును వాన నుంచి కాపాడడం మంచి పనే. తప్పు ఆ పట్టది కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసి ఏం లాభం.

రామలింగం మేస్త్రిని ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆయన గుడియాత్తంలో ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టారు. మాలాగే ఎన్నో తరాల కింద ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి. పెద్ద కట్టడాల మీద పనిచేసే ఓపిక తగ్గాక, కేబులూ ఫోన్ సిగ్నలూ అందని కొండపక్క పల్లెల్లో శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌లు బిగించే పనికి మారారు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతబట్టుకుని ఆయన దగ్గర చేరాను. ఇరవై మూడేళ్లు నాకు, నోటికి హద్దు లేదు. సిమెంటు చేతుల మనిషి నాకేం నేర్పుతాడులే అనుకున్నాను. ఆ పొగరు దిగడానికి ఒక్క పూట పట్టింది.

పరదరామి దారిలో ఒక మామిడితోటలో ఇల్లు. పొద్దుటి నుంచి ఇంటర్నెట్ రావడం లేదని కబురు వస్తే ఇద్దరం వెళ్లాం. నేను నేరుగా లోపలికి పోయి మోడెమ్ ముందు కూర్చున్నాను. ఆపాను, నిండా ఒక నిమిషం ఆగి మళ్లీ వేశాను. వైరు మార్చాను. లాప్‌టాప్ తెరిచి ఏవేవో సరిచేశాను. ఎవరైనా డిష్‌ని కదిలించారా అని ఆ ఇంటి అవ్వని మూడుసార్లు అడిగాను. లేదమ్మా అని మూడుసార్లూ చెప్పింది. గంట గడిచింది. మేస్త్రి మాత్రం రాగానే మిద్దె ఎక్కి, అక్కడే నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నారు. చివరికి నన్ను పైకి పిలిచారు. చూద్దును కదా, డిష్ మీద తడి దుప్పటి ఆరేసి ఉంది. మా ప్రాంతం నుంచి ఆ శాటిలైట్ దాదాపు నడినెత్తిన ఉంటుంది కాబట్టి డిష్ కూడా ఆకాశం వైపు బాగా వాలి ఉంటుంది. ఎండ దండిగా తగులుతుంది. దుప్పటి ఆరేసుకోవడానికి అవ్వకి అంతకన్నా మంచి చోటు కనబడలేదు. తడి గుడ్డ దాటి సిగ్నల్ రాదని ఆమెకి ఎవరు చెప్పారు గనక?

నేను కిందికి దిగి అవ్వతో పోట్లాడబోయాను. ఆయన ఆపారు.

"నువ్వు అడిగిందానికి ఆమె నిజమే చెప్పింది గదమ్మా. మనిషిని అడిగితే అడిగిందే చెప్తాడు. మిద్దె ఎక్కితే ఉండేది కనపడతాది. ముందు మిద్దె ఎక్కు. పెట్టె యాడికీ పోదు."

ఆ తర్వాత మూడేళ్లు ఆయన వెంట తిరిగాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. మోడెమ్ మీది దీపాలని వరస చూసి గుర్తుపట్టేవారు, మూడోది వెలగకపోతే తప్పు పైన ఉందని లెక్క. మిద్దె నేలకి ఎప్పుడూ వాన నీళ్లు జారేందుకు వాటం ఉంటుంది, అందుకని ఆ నేలని చూసి స్తంభం నిలబెడితే వంకర పోతుందని, ఇళ్లు కట్టిన రోజుల నాటి తూకం గుండు వేలాడదీసి నిలువు చూసేవారు. కేబుల్‌ని గోడలోకి పంపే ముందు ఒక వంపు కిందికి వేలాడనివ్వాలి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. లోపలి వైఫై పెట్టెని ఇనుప బీరువా వెనక దాచకూడదు. పెద్ద వానకి సిగ్నల్ పోతే కంగారుపడక్కర్లేదు, కానీ వాన వెలిశాక పది నిమిషాల్లో రాకపోతే అది వాన తప్పు కాదు, ఎక్కి చూడాల్సిందే. ఈ చివరి మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో. అన్నిసార్లూ తలూపాను.

అన్నిటికన్నా ఆయన ఓపికగా నేర్పింది మాట్లాడడం. శాటిలైట్ మీద మాట పైకి పోయి దిగిరావాలి, అవతలి బదులు కూడా అలాగే రావాలి. ఆ కాస్త ఆలస్యం తెలియక జనం ఒకరి మాట మీద ఒకరు పడిపోయి, వినపడలేదా వినపడలేదా అని అరుచుకునేవాళ్లు. ఆయన భార్య కనకమ్మ అందరికంటే అధ్వానం. తిరుపత్తూరులో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, చివరికి నవ్వుకుంటూ పెట్టేసేవాళ్లు. మేస్త్రి ఒకరోజు ఆమె చేతికి నీళ్ల చెంబు ఇచ్చారు. "మాట చెప్పు. గుక్కెడు నీళ్లు తాగు. ఆ సేపటికి బదులు వస్తాది." ఆమె అలాగే చేసింది. చెంబు ఖాళీ అయ్యేసరికి చెల్లెలి కష్టసుఖాలన్నీ విన్నది. ఆ రోజు నుంచి చెంబు లేకపోయినా, ఫోన్లో ఒక మాట చెప్పి పెదవులు బిగించి ఓపికగా కాచుకునేది. మేం ఆమెని చూసి నవ్వేవాళ్లం.

తర్వాత నాకు వేలూరులో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్నెట్ పోయినవాళ్లు ఫోన్ చేస్తే ఏం చేయాలో చెప్పే పని. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగమని సంబరపడి మేస్త్రికి చెప్పడానికి వెళ్తే, ఆయన మెచ్చుకుని, కాఫీ తెప్పించి, ఒక్కటే అడిగారు. "ఫోన్లో మిద్దె ఎక్కేదెట్లమ్మా?" ఎగతాళికి అన్నారనుకుని నవ్వేశాను.

అన్ని మిద్దెలు ఎక్కి దిగిన మనిషి సొంత ఇంటి గడప దగ్గర జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటికి గుడియాత్తం వదిలి పరదరామి దగ్గర కొండ కింద పల్లెలో ఉంటున్నారు. ఆరు వారాలు మంచం మీద నుంచి కదపకూడదన్నారు. ఆ నెలలోనే కనకమ్మకి గుండె జబ్బు ముదిరి వేలూరులో ఆస్పత్రిలో చేర్చారు. పిల్లలు లేరు వాళ్లకి. ఆయన రాలేరు, ఆమె పోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి నర్సు ఆమె చేతికి ఫోన్ ఇచ్చి మంచం చుట్టూ తెర లాగి వెళ్లేది, పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లు. ఆ పల్లెలో ఫోన్ సిగ్నల్ లేదు, రోడ్డు మలుపు దాకా నడిస్తే తప్ప. ఇంట్లో ఉన్న దారల్లా మిద్దె మీది ఆ డిష్ ఒక్కటే.

గాలికి డిష్ స్తంభం మొదలు కదిలిందని తెలిసి ఆదివారం నేనే వెళ్లాను. పక్కింట్లో ఉండే మేస్త్రి తమ్ముడు నరసింహులు, అతనిదీ తాపీపనే, స్తంభం మొదలు చుట్టూ కొత్త కాంక్రీటు వేశాడు. నేను తూకం గుండు పట్టుకుని నిలువు చూశాను. మేస్త్రి కింద మంచం మీద నుంచే గుండు ఆడకుండా నిలిచిందా అని కేకేసి అడిగారు. నిలిచిందన్నాను. సాయంత్రం కనకమ్మ ముఖం తెర మీద తేటగా కనిపించింది. మంగళవారం పొద్దున ఆపరేషన్ అని ఖాయం చేశారు. డాక్టర్లు ధైర్యం చెప్పలేదు, అధైర్యమూ చెప్పలేదు. అంటే సోమవారం నాలుగింటికి మాట్లాడుకునేదే ఆపరేషన్‌కి ముందు చివరిసారి. ఆ సంగతి మా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

సోమవారం మధ్యాహ్నం నుంచి వాన. ఒంటిగంటకి నరసింహులు రోడ్డు మలుపు నుంచి ఫోన్ చేసి ఇంటర్నెట్ పోయిందన్నాడు. మోడెమ్ ఆపి నిమిషం ఆగి వేయమన్నాను. పోయి, వేసి, తడిసి ముద్దయి మళ్లీ మలుపు దాకా వచ్చి రాలేదన్నాడు. మూడో దీపం వెలగడం లేదని కూడా చెప్పాడు. డిష్ కదిలిందా అని అడిగాను.

"కదల్లేదమ్మా. భద్రంగా ఉండాది."

వాన తగ్గితే అదే వస్తుందన్నాను. అప్పుడే లేచి బస్సెక్కి ఉంటే గంటన్నర ప్రయాణం, మూడున్నరకల్లా ఆ మిద్దె మీద ఉండేదాన్ని. ఇంకా ఎవరెవరివో ఫోన్లు వస్తున్నాయి, బయట రోడ్డంతా నీళ్లు, కొత్త చెప్పులు. అవును, చెప్పుల సంగతి కూడా ఆలోచించాను. ఎందుకు దాచాలి? మూడింటికి నరసింహులు మళ్లీ చేశాడు. ఇక్కడ వాన నిలిచిపోయింది, ఇంకా రాలేదు, అన్న అడగమన్నాడు, అన్నాడు. వాన వెలిశాక పది నిమిషాల్లో రాకపోతే ఏం చేయాలో నాకు నేర్పిన మనిషి ఇంట్లో మంచం మీద పడి ఉన్నాడు. నేను మాత్రం ఇంకో అరగంట చూడమన్నాను.

పట్ట సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. వాన మొదలవగానే నరసింహులు మిద్దె ఎక్కి, ముందురోజు వేసిన కాంక్రీటు కొట్టుకుపోకుండా టార్పాలిన్ కప్పాడు. తాపీపని చేసే ఇంట్లో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. స్తంభం అడ్డం కాబట్టి పట్టని డిష్ పైనుంచే దించి, నాలుగు పక్కలా ఇటుకలు పెట్టాడు. తడిసిన పట్ట దాని ముఖాన్ని అతుక్కుని ఉండిపోయింది. అతను నాకు అబద్ధం చెప్పలేదు. డిష్ కదల్లేదు, భద్రంగా ఉంది. నాకైనా, అన్నకైనా అడిగిందే చెప్పాడు.

ఐదింటికి సందర్శకులని లోపలికి వదులుతారని నేను ఆస్పత్రికి వెళ్లాను. మా ఆఫీసుకి అది నడిచే దూరమే. కనకమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని, పెదవులు బిగించి, తెరకేసి చూస్తోంది. తెర మీద మేస్త్రి ఫోటో, దాని కింద గుండ్రంగా తిరిగే గుర్తు. అవతల ఎవరూ లేరు. మేస్త్రి మాట్లాడారా అని నేనే అడిగాను, ఏం మనిషినో.

"ఇంకా లేదమ్మా. నేను చెప్పాల్సిందంతా చెప్పినాను. ఈ పొద్దు వాన గదా, బదులు నిదానంగా వస్తాది."

గంట నుంచీ అలా కాచుకుని ఉంది. చచ్చిపోయిన లైనులోకి మాట చెప్పి, ఆయన నేర్పినట్టే ఆగింది. ఏం చెప్పావమ్మా అని అడిగాను. ఆమె సిగ్గుపడింది. ఆ వయసులో, ఆ మంచం మీద, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయనకి చెప్పినాను. నీకేల?"

ఆ మాటలు ఎక్కడికీ పోలేదని, ఆయన వినలేదని నేను చెప్పలేదు. చెబితే గుండె మీద దెబ్బ పడుతుందేమో అని భయపడ్డాను. అది నిజమే, కానీ తప్పు నాదని ఒప్పుకోవాల్సి వస్తుందన్న భయం కూడా అందులో సగం ఉంది. నాకు చెప్పమ్మా, నేను మోసుకుపోయి చెప్తాను అని కాళ్లు పట్టుకుని అడగాల్సింది. అడగలేదు. ఆరింటికి నర్సు వచ్చి, పొద్దుటికి సిద్ధం చేయాలని ఫోన్ తీసుకుని ఆపేసి సంచిలో పెట్టింది. సరిగ్గా ఆ వేళకే నరసింహులు కాంక్రీటు గట్టిపడిందో లేదో చూద్దామని మిద్దె ఎక్కి పట్ట తీశాడు. ఇంట్లో మూడో దీపం వెలిగింది. మేస్త్రి ఫోన్ చేస్తూనే ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం లోపల కనకమ్మ పోయింది.

మూడో రోజున వెళ్లాను. నరసింహులు వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. పచ్చి సిమెంటు కప్పకుండా ఏ మేస్త్రీ ఊరుకోడురా అని అన్న ఓదారుస్తున్నాడట, అదే ఇంకా భరించలేకపోతున్నానని నాతో అన్నాడు. లోపల మేస్త్రి మంచం మీద అలాగే ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. మిద్దె ఎందుకు ఎక్కించలేదని అడగలేదు. తిట్టి ఉంటే పడేదాన్ని. మంచం పక్కన నేల మీద కూర్చుని ఆస్పత్రిలో చూసిందంతా చెప్పేశాను, ఆమె లైనులోకి మాట్లాడిందని కూడా. ఆయన నా వైపు తల తిప్పారు.

"కనకం ఏమి చెప్పిందమ్మా?"

అడిగి, పక్కనున్న చెంబు అందుకుని ఒక గుక్క తాగి, నా ముఖం కేసి చూస్తూ ఆగారు. నాకు తెలియదు. ఆయన ఇంకో గుక్క తాగారు. అలా చెంబు అయిపోయేదాకా నాకు సమయం ఇచ్చారు.

తుంటి అతుక్కుంది గానీ ఆయన మళ్లీ ఏ మిద్దే ఎక్కలేదు. ఏడాది తిరక్కుండానే పోయారు. నేను ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాను. ఎవరు ఫోన్ చేసినా దీపాల గురించి అడగను. ముందు ఎవరినైనా మిద్దె ఎక్కించి, డిష్ మీద ఏం కనబడుతోందో ఉన్నదున్నట్టు చెప్పమంటాను. ఎక్కడానికి మనిషి లేకపోతే బ్యాగు తీసుకుని బస్సెక్కుతాను. తోటివాళ్లు దీన్ని శ్రద్ధ అంటారు. ఆయన చెప్పినప్పుడు చేసి ఉంటే అది శ్రద్ధ. ఇదంతా తెలుగులో రాస్తున్నాను, ఆయనకి తెలుగు చదవడం రాదు, వచ్చినా చదివే మనిషి లేడు. ఆ సాయంత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆమె ఏం చెప్పి ఉంటుందా అని వెయ్యి రకాలుగా ఊహించాను. ఒక్కటీ ఆమె గొంతులో పలకదు. మేస్త్రి నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, దానికి నా దగ్గర ఈ రోజుకీ బదులు లేదు.