నా బరువు బెల్లం

పైన దేవుడు మన లెక్కలన్నీ రాసుకుంటున్నాడంటే చేతులు జోడించే మనుషులు, సర్వే అమ్మాయి వచ్చి రాసుకుంటానంటే మాత్రం తలుపు వేసుకుంటారు. కరీంనగర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లకు ఈ సంగతి మీద నేను చాలా ఉపన్యాసాలిచ్చాను. ఒక్కరూ మారలేదు.

అది షుగర్ జబ్బు మీద పరిశోధన. ఇంటింటికీ ఫోన్లో ఒక యాప్ వేస్తారు. ఎంత నడిచారు, ఎప్పుడు పడుకున్నారు, సూపర్ మార్కెట్‌లో నంబరు చెప్పి ఏం సరుకులు కొన్నారు, అన్నీ పరిశోధకులకు చేరతాయి. నెలకోసారి ఆ అమ్మాయి వచ్చి బరువు చూసి, వేలు గుచ్చి రక్తం చూసి, ఆ అంకెలూ అందులోనే ఎక్కిస్తుంది. ఎవరి వివరాలూ ఎవరికీ చెప్పమని హామీ. ఇంత మంచి పనికి ఎవరూ ముందుకు రాకపోతే నాకు ఒళ్లు మండింది.

వాళ్లను కదిలించింది మా అవ్వ, నన్ను కన్నతల్లి. మాత్రకూ మొక్కుకూ మధ్య ఏ తగాదా లేకుండా బతికే మనిషి. రెండూ వేళకు చెల్లిస్తుంది.

"నేనేం కొంటున్ననో ఊరంత తెలుస్తదా?" అని అడిగింది.

"ఊరికెందుకు తెలుస్తది అవ్వా? పరిశోధన చేసేటోళ్లకే."

"ఊరికి తెలిస్తె నీ సంగతి చెప్త" అని చేరింది. ఆమె వెనక వాడకట్టంతా చేరింది. నా ఉపన్యాసాల ఫలితమేనని నేను అనుకున్నాను.

ఆ మధ్యే నా గుండెకు స్టెంటు పడింది. బతికి బయటపడ్డాక, ఇందులో దేవుళ్ల వాటా ఏమీ లేదని ఒక వ్యాసం రాసి ఘనత మొత్తం డాక్టరుకు కట్టబెట్టాను. అవ్వ విని ఊరుకుంది. ఆ మౌనాన్ని అంగీకారమనుకున్నాను. వాదనలో గెలిచి గెలిచి చెడిపోయినవాడికి మౌనం అలాగే వినిపిస్తుంది.

సమ్మక్క జాతర అయిపోయాక ఒక పొద్దున సర్వే అమ్మాయి వచ్చింది. మా అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లందరూ వేళ్లు గుచ్చించుకోవడానికి కూర్చున్నారు. అమ్మాయి ఫోన్ చూసి ఒక్కసారిగా కేక పెట్టింది.

"ఏంది అవ్వా గిది? షుగర్ పెట్టుకొని ఒక్కదినమే గింత బెల్లం కొన్నరా? ఒక మనిషంత బరువున్నది!"

పక్కింటామె పకపకా నవ్వింది. "మనిషంత బెల్లం తినెటందుకు కొంటరా పిల్లా? మొక్కు తీర్చుకున్నరు!"

జాతరలో ఎవరి పేరున మొక్కితే ఆ మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం తల్లి గద్దె దగ్గర ఇవ్వడం మా దగ్గర ఆచారం. అమ్మాయికి అది గుర్తొచ్చింది. ఫోన్‌లో ఇంట్లోవాళ్ల బరువులన్నీ వరసగా చూసి, లెక్క కుదిరిన సంతోషంతో అంది: "సార్ బరువుతోటి సరిగ్గ కలుస్తున్నది!"

అరుగు మీది ముఖాలన్నీ నావైపు తిరిగాయి.

"అయ్యో, ఉపన్యాసాల సారు తరాజుల కూసున్నడా!" అంది పక్కింటామె.

"నేను కూసోలే!" అని అరిచాను. స్టెంటు పడ్డాక అంత గట్టిగా అరవడం అదే మొదలు.

"నువ్వెక్కడ కూసుంటవ్?" అంది అవ్వ. "కూసొమ్మంటె తరాజును గూడ తిడ్దువు. నీ బరువు ఫోన్ల ఉండె. కోడలు జూసి చెప్పింది."

జనం వివరాలు జనం ఆరోగ్యానికే పనికిరావాలని నేనెన్నిసార్లు చెప్పానో! అవ్వ ఆ మాటను అక్షరాలా నమ్మింది. పరిశోధకుల కంటే ముందే నా వివరాలను నా ఆరోగ్యానికి వాడేసింది.

అందరూ నవ్వుతున్నారు. అవ్వ నవ్వలేదు.

"బిడ్డా, ఊరికి తెలవదన్నరు. గిది ఊరు కాదా? గా యాప్ తీసెయ్."

"అవ్వది తీస్తె మాది గూడ తీసెయ్" అంది పక్కింటామె, నవ్వు ఆపి. మిగతావాళ్లూ ఫోన్లు బయటికి తీశారు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడకట్టు వాడకట్టే పరిశోధనలోంచి లేచిపోయేలా ఉంది.

నా దగ్గర వాదనలకు కొదవ లేదు. కానీ న్యాయం అవ్వ పక్కన ఉంది. ఆ మొక్కు శుద్ధ దండగని ఇప్పటికీ అంటాను. దాన్ని నలుగురిలో చదివి వినిపించే హక్కు మాత్రం ఏ శాస్త్రానికీ లేదు. పైగా కొన్నదల్లా ఆమే తిన్నదనుకోవడం ఏ శాస్త్రం? అదీ మూఢనమ్మకమే, కాకపోతే ఫోన్‌లో ఉంది.

"అవ్వ అన్నది నిజం" అన్నాను. "మాటిచ్చి తప్పింది మనమే."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "తప్పయింది అవ్వా. ఇప్పటిసంది ఒక్కొక్కల్ని లోపట కూసోబెట్టి అడుగుత. రాసుకొమ్మంటెనె రాసుకుంట. వద్దంటె గిప్పుడే తీసేస్త."

"గట్ల మొదలే అడిగితె చెప్పకపోదునా" అని అవ్వ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వెళ్లాను. బరువు నాది కదా.

అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "గా బెల్లం మీరు తిన్నరా అవ్వా?"

"నాలికకు గూడ తాకియ్యలే. తల్లికి ఇచ్చినం, నలుగురికి పంచినం. ఇంక డబ్బల జర ఉన్నది."

"మరి అది ఎవలు తింటున్నరు?"

అవ్వ నావైపు చూసింది. "ప్రసాదమంటె వీడు ముట్టడు. అందుకే చాయ్‌ల ఏసి ఇస్తున్న. చక్కెర కన్న బెల్లం మంచిదని వీడే రాసిండు గద."

ఆ చాయ్‌ని నేను రోజూ మెచ్చుకుంటున్నాను. ఇంకో కప్పు కూడా అడుగుతున్నాను.

అమ్మాయి ఫోన్‌లో నా పేరు దగ్గర ఆగింది. ఆ పొద్దున ముందుగా గుచ్చింది నా వేలే; షుగర్ జాతరకు ముందు కంటే పెరిగిందని నాకు తెలుసు. అమ్మాయి ఆ అంకె పెద్దగా అనబోయి, నోరు మూసుకుని, వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"సార్, గీ చాయ్ సంగతి రాసుకోవచ్చా?"

"రాసుకో బిడ్డా" అంది అవ్వ.

"అవ్వా, అడుగుతున్నది నన్ను!"

"మరి చెప్పు."

తలుపు అవతల గాజుల చప్పుడు వినిపించింది. అరుగు మీద ఉండాల్సిన వాళ్లెవరూ అరుగు మీద లేరు.

"రాసుకో" అన్నాను. "పైకి మాత్రం చదవకు."