కిటికీ పక్క సీటు

మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్ళే రైల్లో నాకెదురుగా ఇద్దరు కూర్చున్నారు. బంగారుపేట దాటాక బట్టతలాయన, కిటికీ పక్కనున్న బక్కమనిషి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మఫ్టీ పోలీసా, రౌడీయా? నా సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

టేకల్‌లో రైలు ఆగగానే బక్కమనిషి దిగబోయాడు. బట్టతలాయన కాళ్ళు అడ్డం పెట్టి కదలనివ్వలేదు.

"ఎవరప్పా నువ్వు? ఆయన్ని ఎందుకట్ల పట్టుకున్న్యావు?" అని గట్టిగానే అడిగాను.

రైలు కదిలాకే అతను చెయ్యి వదిలాడు.

"ఈడ దిగితే నేరుగా బార్‌కే పోతాడమ్మా. మేము తాగుడు మానేసినోళ్ళం. మా సంఘంలో ఒకరికొకరం ఇట్ల కావలుంటాము."

నేను నమ్మలేదు. తాగేవాళ్ళ సాకులు మా ఇంట్లో చాలానే విన్నాను.

"ఆయనకు నువ్వు కావలి, సరే. నీకెవరప్పా?" అన్నాను.

అతను లేచి కిటికీ పక్కకు మారాడు. బక్కమనిషి ఇవతలికి జరిగి, కాళ్ళు చాపి, అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంగ మాలూరు వస్తా ఉండాదమ్మా," అన్నాడు బట్టతలాయన, కిటికీ బయటికి చూడకుండా. "నేను మునుపు తాగే బార్ ఆడ ఉండాది."

రైలు నెమ్మదించింది. నేను ఒళ్ళోని సంచి తీసి, వాళ్ళ దారికి అడ్డంగా పెట్టాను.