పెళ్ళిపడవ ఎక్కిన డచ్చి తాత

మీనా వాండర్‌హూప్ గురించి పొమెరూన్ నది పొడవునా మూడు మాటలు చెలామణిలో ఉన్నాయి. ఆమె ఒకప్పుడు ఈ సీమనేలిన డచ్చి గవర్నరు వంశీకురాలన్నది ఒకటి. ఆ పెద్దాయన సమాధి కింద దొరికిన బంగారంతో సరుకుల బార్జి కొన్నదన్నది రెండోది. కూతురి పెళ్ళినాడు ఆయనను అవమానించి నీటిపాలు చేసిందన్నది మూడోది. మొదటి రెండూ అబద్ధాలు. మూడోదానిలో కొంత నిజం కలిసింది కనుక అదే ఎక్కువ చెడుపు చేసింది. ఆ రోజు బార్జి మీద నేనూ ఉన్నాను.

ముందు బార్జి సంగతి. మీనా తాత కొబ్బరికాయలు మోసే చిన్న పడవతో మొదలుపెట్టాడు. తండ్రి పెద్దది కట్టించాడు. సముద్రం దాన్ని తీసుకుపోయింది. మీనా ఏళ్ళ తరబడి పరాయి పడవల్లో అరటిగెలలు జార్జిటౌన్‌కు చేరవేసి, అడుగు చదునుగా ఉండే ఈ ‘లీజ్‌బెత్’ను కట్టించుకుంది. కట్టిన వడ్రంగి ఇంకా బతికే ఉన్నాడు. బంగారం తన కంట పడలేదనీ, పడి ఉంటే ఇంకా బతికి ఉన్న వడ్రంగిగా కాక ఇంకా తాగుతున్న షావుకారుగా ఉండేవాణ్ణనీ అంటాడు.

ఇక సమాధి. మీనా ఇంటి పెరట్లో ఇటుకలతో కట్టిన పాత డచ్చి గోరీ ఒకటి ఉండేది. మా వైపు డచ్చివాడి ఆత్మకు జడవనివాళ్ళు లేరు. వాండర్‌హూప్‌లకు మాత్రం ఆయన వంశానికి మూలమైన ‘తాత’. ఆ ఇంట ఏ పెళ్ళయినా, పెళ్ళికూతురు ఆ ఇటుకల మీద మొదటి గ్లాసు రమ్ము ఒలికించాకే మిగతావాళ్ళు తాగాలి. అయితే మీనా కూతురు అగాథా పెళ్ళి ఇంటి దగ్గర కాదు, సముద్రపు ఒడ్డున పెళ్ళికొడుకు ఊరి చర్చిలో. మరి తాతకు రమ్ము పోసేదెలా? మీనా తమ్ముడు యాకోబస్ దీనికి ఒక పరిష్కారం ఆలోచించాడు. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి వారంలో ఈస్టర్ ముందరి ఉపవాస కాలం మొదలవుతుంది. పెళ్ళి జరిపించాల్సిన ఫాదర్ ఆంబ్రోజ్ ఆ మధ్యాహ్నం లాంచీలో వెళ్ళిపోతే ఈస్టర్ దాటేదాకా పెళ్ళిళ్ళు లేవు. పెళ్ళికొడుకు తల్లికి అసలే ఈ సంబంధం మీద మనసు లేదు. వాయిదా పడితే అదే నెపంగా తెంచేస్తానని ముందే చెప్పేసింది. కనుక ఉదయమే, ఆటు మొదలై నీరు తీస్తుండగా, ఫిడేలు, డోలు, పెప్పర్‌పాట్ మాంసం కూర కుండలు, నల్ల కేకు, బంధుగణం అంతటితో లీజ్‌బెత్ కదిలింది. నదిమొగ దాకా పాటలే పాటలు. మొగ దగ్గర మేట మీదికి రాగానే బార్జి మెత్తగా నిట్టూర్చి ఒండ్రులో కూర్చుంది.

మీనా చుక్కాని వదిలి పక్కకు వంగి చూసింది. "ఇంతమంది ఎక్కినా ఇంత లోతు దిగదే! ఒరేయ్ యాకోబూ, కొబ్బరికాయల గోనెల కింద ఏం పెట్టావురా?"

"ఏం లేదక్కా."

"ఆ ‘ఏం లేదు’ ఎంత బరువుంటుంది?"

యాకోబస్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "తాతని తెచ్చాను."

ఫిడేలు ఆగిపోయింది.

"తాతనా?"

"ఎముకలు కాదక్కా, గోరీ మటుకే. ఆయన లేకుండా పెళ్ళేమిటి?"

మీనా పగలబడి నవ్వింది. నవ్వుతూనే గోనెలు లాగి మొదటి ఇటుక సముద్రంలోకి విసిరింది. "నిలబడి చూస్తారేం? అందుకోండి! డోలు కొట్టరా నువ్వు!"

"అక్కా! పెద్దాయనని నీళ్ళలో పారేస్తావా?"

"ఓడ మీద వచ్చినవాడికి నీళ్ళు కొత్తేంట్రా?"

డోలు దరువుకు ఇటుకలు చేతులు మారాయి. ముసలమ్మలు బూట్లు విప్పి వరసలో నిలబడ్డారు. అగాథా మేలిముసుగు నడుముకు చుట్టుకుని, ప్రతి ఇటుక మీదా నాలుగు చుక్కల రమ్ము ఒలికించి మరీ గిరాటేసింది. ఆచారంలో లోపం రానివ్వలేదు. విసిరే ప్రతి ఇటుకకూ "నీ ఆరోగ్యానికి, తాతా!" అని కేక. ఫిడేలు వాయించేవాడు ఉత్సాహం పట్టలేక తానే నీళ్ళలో పడ్డాడు. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉండడంతో అక్కడే నిలబడి వాయించాడు.

ఇటుకలు అయిపోయాయి. బార్జి ఊగింది కానీ లేవలేదు. అడుగున సమాధి పైరాయి ఒక్కటే మిగిలింది.

యాకోబస్ దాని మీద కూర్చున్నాడు. "ఇది మాత్రం ఇవ్వను. మనం గవర్నరు బిడ్డలమని రుజువు ఇదొక్కటే."

"ఎవరైనా చదివారా దాన్ని?" అన్నాను.

ఎవరూ చదవలేదు, తలకిందులుగా బోర్లించి ఉండడమే అందరూ ఎరుగుదురు. నలుగురం కలిసి తిప్పాము. నాచు గోకితే పేరు కనబడింది; వాండర్‌హూప్ అనే ఉంది. దాని కింద కిరీటమూ లేదు, కత్తీ లేదు. ఒక రంపం, ఒక బాడిశ, ఒక తూము తలుపు చెక్కి ఉన్నాయి.

"తూములు బిగించే వడ్రంగి," అన్నాను.

యాకోబస్ ముఖం వేలాడేసుకున్నాడు. మీనా ఆ రంపం బొమ్మను అరచేత్తో నిమిరింది. నీరు ఇంకా తీస్తూనే ఉంది. దూరాన ఒడ్డున లాంచీ పొగ లేచింది.

"గవర్నరయితే బతిమాలాల్సి వచ్చేది," అన్నది మీనా. "వడ్రంగి మన మనిషి. పిల్ల పెళ్ళి ఆగిపోతుంటే ముందు తనే దిగేవాడు. లేవరా, పట్టు."

యాకోబస్ లేచాడు, అక్కతో పాటు పట్టాడు. రాయి మునిగింది. లీజ్‌బెత్ లేచింది. ఫిడేలువాణ్ణి జుట్టు పట్టి పైకి లాగారు. ఒడ్డు చేరేసరికి ఫాదర్ ఆంబ్రోజ్ ఒక కాలు లాంచీలో పెట్టి ఉన్నాడు. మీనా ఆ రెండో కాలు పట్టుకుని మరీ పెళ్ళి జరిపించింది.

నేను చూసినంతవరకు తేలింది ఇది. గోరీని పీకినది తమ్ముడు, ఆమె కాదు. అస్థికలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తన వంశానికి ఉన్న ఒకే ఒక రాతి ఆధారాన్ని, అందులో ఏముందో చదివించి తెలుసుకున్నాకే, మీనా వాండర్‌హూప్ తన చేతులతో మొగలో వదిలేసి, కూతురిని వేళకు చర్చికి చేర్చింది.