రెండో జలపాతం దగ్గర ఈల

మా ఆయన్ని ఒకప్పుడు అందరూ ముందాయన అనేవాళ్లు. కొండ మీది రాతి గుడిసెకు మనుషుల్ని తీసుకెళ్లడం ఆయన పని. బాట తెలిసినవాడు కనుక వరసలో అందరికన్నా ముందు నడిచేవాడు. ఆయన తమ్ముడు అందరికన్నా వెనక నడిచేవాడు, కాబట్టి వెనకాయన. భోజనాల దగ్గర కూడా నా మరిది చివర్న కూర్చుని, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా లేచేవాడు కాదు. అలవాటు అనేవాడు. తిండిపోతుతనం అని నేననేదాన్ని.

ఇప్పుడు మా ఆయన బూట్లు బాగుచేస్తాడు. వీధి వైపు గదిలో ఒక బల్ల, జిగురు డబ్బా, అరిగిపోయిన మడమలు, ఆయన. కొండెక్కేవాళ్ల బూట్లే ఎక్కువగా వస్తాయి. తెచ్చినవాళ్లు పైన దారి ఎలా ఉందో చెప్పబోతే ఈయన గుప్పెడు మేకులు తీసి నోట్లో పెట్టుకుంటాడు. ఇక మాట్లాడక్కర్లేదు కదా.

కుళాయి హోరు ఆయన భరించలేడు. అందుకని బకెట్‌లోకి తువ్వాలు వేలాడదీసి, నీళ్లు దాని వెంట చప్పుడు లేకుండా జారేలా నింపుతాం. ఒకసారి చుట్టపుచూపుగా వచ్చినావిడ తెలియక కుళాయి బార్లా తిప్పింది. ఈయన సుత్తి పడేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"విన్నావా? వాడు ఊదాడు" అన్నాడు నాతో.

నేనేమీ వినలేదు. వెళ్లి కుళాయి కట్టేశాను.

జరిగిందేమిటంటే, గుడిసె దారిలో రెండు జలపాతాలున్నాయి. ఆ హోరులో మాట వినపడదు. అందుకని ఒక్కొక్కటి దాటాక ముందున్నవాడు మెడలో వేసుకున్న ఈల ఊదాలి, చివరివాడు అచ్చం అదే ఈల తిరిగి ఊదాలి. అందరూ వచ్చినట్టు లెక్క. ఆ రోజు మంచు కమ్మింది. రెండో జలపాతం దాటి, మలుపు తిరిగి, మా ఆయన ఊదాడు. బదులు వచ్చింది. నడక సాగించాడు. గుడిసె చేరి వెనక్కి చూస్తే తమ్ముడు లేడు.

దారి చూపే మిగతావాళ్లంతా ఒకటే మాట. అది ఎదురుబండ నుంచి వచ్చిన ప్రతిధ్వని, మనిషి అప్పటికే నీళ్లలో జారిపోయాడు అన్నారు. జలపాతం కిందా వాగు పొడుగునా వెతికారు. ఏమీ దొరకలేదు. "కాదు, వాడే ఊదాడు, వాడి ఊపిరి నాకు తెలీదా" అని ఈయన మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. మళ్లీ వెళ్లి ఊది చూస్తే తేలిపోదా అంటే, అంత గుండె ఎవరికుంది! ఇప్పుడు ఆ మలుపులో ఎవరూ ఈల ఊదరు. వెనక్కి తిరిగి ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టుకుంటారు. మా ఆయన మళ్లీ కొండ ఎక్కనేలేదు.

ఆ గుండె చివరికి నా మరిది కూతురికి వచ్చింది. తండ్రి పోయేనాటికి పాలు తాగే పిల్ల. ఇప్పుడు ఆస్పత్రిలో చెవులు పరీక్షించే ఉద్యోగం. ఒక సెలవు రోజున వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పెదనాన్నా, గుడిసెకి వెళ్దాం. ఆ మలుపులో నువ్వు ఊదు. నేను వెనక నోరు మూసుకుని నిలబడతా. కొండ పలికితే నువ్వు మోసపోయినట్టు. పలక్కపోతే నాన్నే ఊదినట్టు. ఎన్నాళ్లిలా?"

"కొండకి నీ ఆస్పత్రి పరీక్షలేంటే?" అన్నాను.

"చెవులకైతేనేం, బండకైతేనేం పెద్దమ్మా. తేలాలి కదా."

ఆయన నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"మబ్బు పట్టకముందే రెండోది దాటాలి" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. సుద్దముక్కతో బల్ల మీద దారి గీసి పిల్లకి నేర్పేవాడు. చీకటితోనే బయలుదేరాలి. మొదటి జలపాతం దగ్గర రాళ్లకి నాచు ఉంటుంది, నీటికి ముఖం పెట్టి అడ్డంగా నడవాలి. రెండోదాని పక్కన ఇనుప గొలుసు ఉంటుంది, పట్టుకోవాలే గానీ దాని మీద వాలకూడదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుడిసె కనబడకపోతే ఎక్కడివాళ్లు అక్కడినుంచే వెనక్కి. ఇంతవరకూ గొంతులో పాత ముందాయన పలికేవాడు. సుద్ద మలుపు దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయేది. అంతా చెరిపేసి మళ్లీ మొదట్నుంచి గీసేవాడు. పిల్ల బూట్లకి అడుగులు కుట్టాడు, విప్పాడు, మళ్లీ కుట్టాడు. మోకాలు నొప్పన్నాడు. గాలి మారిందన్నాడు.

"వద్దనుకుంటే వద్దని చెప్పండి, ఆ బూట్ల ప్రాణం తీయకండి" అని కసిరాను.

ఆయన సుద్దముక్క కింద పెట్టాడు. "కొండ పలికితే నేను బతికిపోతాను."

"పలక్కపోతే మీరు ఇన్నాళ్లూ చెప్పిందే నిజమవుతుంది కదా!"

"నిజమైతే వాడు జలపాతం దాటాడు. నా వెనకే ఉన్నాడు. మేమంతా కింద వాగులో వెతుకుతుంటే, వాడు పైనెక్కడో కాలు విరిగి పడి, అన్నయ్య వస్తాడని చూశాడు."

పక్కనే ఇన్నేళ్లు బతికాను, తన మాట అబద్ధం కావాలని ఈ మనిషి కోరుకుంటున్నాడని నాకు తెలియదు. గుమ్మం దగ్గర బూట్లు తొడిగి చూసుకుంటున్న పిల్ల తల ఎత్తలేదు. విన్నదని మాత్రం తెలిసింది.

నేనూ వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఆయాసపడుతూ, తిట్టుకుంటూ, జారుతూ రెండో జలపాతం దాటాను. ఆయన మలుపు అవతలికి పోయి నిలబడ్డాడు. పిల్ల గొలుసు దగ్గరే ఆగింది. నేను సరిగ్గా మలుపులో ఉన్నాను. వాళ్లకి ఒకరికొకరు కనబడరు, నాకు ఇద్దరూ కనబడతారు.

ఆయన ఊదాడు.

చెవులు రిక్కించాను. నీళ్ల చప్పుడు. అదొక్కటే. ఎదురుబండ పలకలేదు. ఆయన భుజాలు కుంగిపోవడం చూశాను. వెనక్కి తిరిగితే పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. ఏం కనబడిందో ఏమో, మెడలో వేలాడుతున్న ఈల తీసి నోట పెట్టుకుంది.

అచ్చం అదే ఈల. కాస్త సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు.

మా ఆయన కూలబడి ఏడ్చాడు. "కొండే! కొండే పలికింది! విన్నావా?"

"విన్నాను" అన్నాను ఆయన తల నిమురుతూ.

గుడిసె చేరాక రొట్టె తిన్నాడు, గుడ్లు తిన్నాడు, నా వాటా కూడా లాక్కుని తిన్నాడు. బల్ల మీద ఒరిగి, నోరు తెరుచుకుని, పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయాడు. అలాంటి నిద్ర ఆయన ముఖంలో చూసి ఎన్నేళ్లయిందో.

పిల్ల ఏమీ తినలేదు. గుమ్మంలో నిలబడి, గుడిసెకీ జలపాతానికీ మధ్యనున్న పొదల వాలునే చూస్తోంది. దగ్గరికి వెళ్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మా, అటు ఎవరైనా వెతికారా?"

"లేదమ్మా. ఎవరూ వెతకలేదు."

"పెదనాన్న లేచేలోగా వచ్చేస్తా" అని, బాట వదిలి, ఆ వాలులోకి దిగింది.