ఎడమ మోకాలు అవ్వది, కుడి మోకాలు మామది

ఆ రోజుల్లో మద్రాసులో ఆడపిల్ల సైకిల్ మీద నుంచి పడితే దెబ్బ తగిలిందా అని అడిగేవాళ్ళు తక్కువ, ఎవరెవరు చూశారని అడిగేవాళ్ళు ఎక్కువ. పురసవాక్కంలో మా జవుళి కొట్టు ముందే, బేరమాడే ఆడవాళ్ళందరి ఎదుటా పడ్డాను గనక మా నాన్నకి ఆ రెండో ప్రశ్నతో పనిలేకపోయింది. "రెండు మోకాళ్ళూ మానేదాకా దాన్ని ముట్టుకోబాకు" అని సైకిల్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బస్సు కోసం నిలబడి కాలేజీకి పోవడమంటే నాకు ఒళ్ళుమంట. కాబట్టి అర్జెంటుగా మానాలి.

ఎలా మానాలన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది. నాయనమ్మ, అంటే మా అవ్వ, నెయ్యి రాసి వెచ్చచేసిన తమలపాకు కప్పి గుడ్డ కట్టాలంది. మందుల షాపులో పనిచేసే మా మామ (డాక్టర్ల చీటీలు చదివీ చదివీ ఆయనకీ డాక్టరు గొంతు వచ్చేసింది) ఒప్పుకోలేదు.

"గాలి తగలాల అత్తా, ఎండబెట్టాల. తడిగా ఉంటే చీము పడతాది."

"ఎండబెట్టేదానికి అదేమన్నా వడియమా?"

సైన్సు చదివేదాన్ని గనక తీర్పు నేనే ఇచ్చాను. ఎడమ మోకాలు అవ్వకి, కుడి మోకాలు మామకి. (గెలుపు మామదేనని నా నమ్మకం. తమలపాకుతో నయమయ్యేట్టయితే ఇన్ని కాలేజీలెందుకు?)

రోజూ మేడ మీద కుడికాలు ఎండలోకి చాపి, ఎడమకాలు నీడలో పెట్టి కూర్చునేదాన్ని. కూర్చోవడమన్నది మాటవరసకే. వీధిలో సైకిల్ బెల్లు మోగితే చాలు, పిట్టగోడ దగ్గరికి ఉరికేదాన్ని. కుడి మోకాలి మీద పెచ్చు దిట్టంగా కట్టి మామ పరువు నిలబెట్టేది. నేను మెట్లు దిగేసరికి అది పగిలి మళ్ళీ రక్తం. "సుమ్మా కూర్చోవే, కదలబాకు. మందు సరిగానే ఉంది, నువ్వే సరిగా లేవు" అనేవాడు. ఎడమది మాత్రం ఆకు కింద చడీచప్పుడు లేకుండా లేత చర్మం కప్పుకుంటోంది.

చివరికి వంటింట్లోకి వెళ్ళాను. "అవ్వా, ఈ మోకాలు కూడా నువ్వే తీసుకో."

"అది మీ మామ సొత్తు గదా. ఆయన్ని అడిగి రాపో."

"అవ్వా, నాకు సైకిల్ కావాల."

అవ్వ నెయ్యిగిన్నె అందుకుంది.

కుడి మోకాలు కూడా మానాక నాన్న తాళంచెవి ఇచ్చాడు. మామ గుమ్మంలో నిలబడి, "నేను ఎండబెట్టి పునాది వేస్తేనే గదా ఆకు పనిచేసింది" అన్నాడు. దానికి నా దగ్గర నాలుగు జవాబులున్నాయి, నాలుగూ పదునైనవే. నాలుగూ అక్కడే వదిలేసి సైకిలెక్కి వెళ్ళిపోయాను.

ఇప్పటికీ నాకు వాదనలకి కొదవలేదు, చాలావరకు గెలుస్తాను కూడా. సగంలో వదిలేసి ఉరకాలనిపించేంత తొందరపనే మళ్ళీ దొరకలేదు.