కోచ్‌గారి మాడుకి ఆముదం

మా చిన్నప్పుడు... అమెరికాలో, పిస్కాటవేలో ఆదివారం పొద్దున్నే సాకర్ ప్రాక్టీస్ ఉండేది. అమ్మకేమో ఆదివారమంటే తలకు నూనె పెట్టే రోజు. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, వద్దంటే వినేదా? జిడ్డోడుతున్న రెండు జడలతో గ్రౌండ్‌కి వెళ్ళేదాన్ని. బంతి నా నెత్తిన పడి ఎటో జారిపోయేది...

కోచ్ డెన్నిస్ అది చూసి కడుపుబ్బ నవ్వేవారు. ఆయనది ఇంగ్లండ్. అక్కడ కింది డివిజన్లలో, మనం పేరు కూడా వినని ఊళ్ళ జట్లకు ఫార్వర్డ్‌గా ఆడారు. మనిషి పొడగరి, పరుగు మాత్రం అంతంతమాత్రమేనట. అందుకే గోల్స్ ఎక్కువగా తలతోనే కొట్టేవారట. తాడుకు వేలాడదీసిన బంతిని మధ్యాహ్నమంతా నుదుటితో కొడుతూ సాధన చేసేవారట. వానలో నానితే అది ఇటుకంత బరువెక్కేదట... ఇవన్నీ చెప్పి మురిసిపోయేవారు.

మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆగిపోయింది. సమ్మర్ క్యాంప్‌లో పిల్లలకు నేర్పడానికి అమెరికా వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయారు.

ఆయన గొప్ప కథ ఒకటుంది. ఒక కప్ మ్యాచ్‌లో, రోజూ టీవీలో కనిపించే పెద్ద జట్టు మీద, కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో గోల్‌లోకి కొట్టారు. "మ్యాచ్ ఓడిపోయాం. బట్ ఆ గోల్ మాత్రం నాది" అనేవారు. దానికి వీడియో లేదు, ఫొటో లేదు. చెప్పిన కథే మళ్ళీ చెబుతుంటే, మేం వెనక నిలబడి ఆయనతో పాటే పెదవులు కదిపేవాళ్ళం.

మధ్యమధ్యలో ఆట ఆపి, కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకునేవారు. అది మా అమ్మ కంట పడింది.

"పాపం, వేడి చేసినట్టుంది. మాడుకి కాస్త ఆముదం పెడితే ఇట్టే తగ్గిపోద్ది" అని తేల్చేసింది. మిగతా ఆంటీలంతా తలూపారు. తర్వాతి వారం సీసా పట్టుకొచ్చి, కోచ్‌గారిని మా మినీవ్యాన్ డిక్కీ అంచున కూర్చోబెట్టి, నడినెత్తిన ఆముదం పోసి అరచేత్తో తట్టింది. అంత మనిషీ బుద్ధిగా తల వంచి కూర్చున్నారు. హాయిగా ఉంది ఆంటీ అన్నారు. అమ్మ ఆయనకంటే చిన్నది, కానీ మిగతా పిల్లలంతా ఆంటీ అంటుంటే అదే పేరనుకున్నట్టున్నారు.

ఆ సీజనంతా అదే వైద్యం. ఆముదం పెట్టించుకోవడం, వెళ్ళి మళ్ళీ మాకోసం బంతిని నుదుటితో కొట్టి చూపించడం... అక్కడ నిలబడిన పేరెంట్స్‌లో డాక్టర్లు కూడా ఉండేవారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇప్పుడాయన మతిమరుపు జబ్బుతో ఒక కేర్ హోమ్‌లో ఉన్నారు. భార్య పోయారు, కూతురు ఎమిలీ చూసుకుంటోంది. అన్నేళ్ళు తలతో బంతిని కొట్టడం వల్లే కావచ్చంటున్నారు డాక్టర్లు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద కోప్పడాలో మాత్రం తెలియడం లేదు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టలేదు, అది ఊహించిందే. మీరు ఫుట్‌బాల్ ఆడేవారు కోచ్ అని చెప్పాను. ఆయన మర్యాదగా అడిగారు.

"బాగా ఆడేవాడినా?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. కప్ మ్యాచ్ గోల్ సంగతి మొత్తం చెప్పాను. ఎవరిదో కథ విన్నట్టు విని, చివర్లో నవ్వారు.

బయటికి వచ్చాక ఎమిలీ నా చెయ్యి వదల్లేదు. ఆ గోల్ గురించి తనకు తెలియనే తెలియదట. ఇంట్లో ఆట ఊసే ఎత్తేవారు కాదట. ఇంకా ఏమేం చెప్పేవారని అడిగింది. తాడుకు వేలాడదీసిన బంతి సంగతి చెప్పాను. నాకు గుర్తున్నది అంతే...

మా బాబు జట్టులో ఇప్పుడు చిన్నపిల్లల్ని తలతో కొట్టనివ్వరు. చాలా మంచి పని. అయితే వాళ్ళ కోచ్ ఏ ఊరివాడో, ఎక్కడ ఆడాడో మా వాడికి తెలియదు. ప్రాక్టీస్ అవ్వగానే ఎవరి కారు వాళ్ళు ఎక్కేస్తారు.

ఆ రోజుల్లో మాతో ఆడినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... కోచ్ డెన్నిస్ మీకేం చెప్పారో కింద రాయండి. ఏ ఊరి జట్టు, ఏ గోల్, ఎవరితో గొడవ, ఏదైనా సరే. తెలుగులో రాసినా నేను ఇంగ్లీష్‌లోకి మార్చి ఎమిలీకి పంపిస్తాను. ఆయన జీవితం ఇప్పుడు ఆయన దగ్గర లేదు, మన దగ్గరే తలో ముక్క ఉంది.

కాస్త త్వరగా రాయండి. వినిపిస్తే ఇంకా నవ్వుతున్నారు...